కొడవళ్ళు దప్పిక తీర్చుకున్న చోట

మొదటి రోజు

సంక్రాంతి సందడి అయిపోయిన మరుసటి వారం, తెల్లవారుజామున ఐదింటికి నెల్లూరులో కారెక్కాం. నేను, మా తమ్ముడు, వాడి పద్నాలుగేళ్ళ కొడుకు. వెనక సీట్లో రెండు క్యాన్ల నీళ్ళు, టార్చిలైట్లు, తోలు చేతితొడుగులు, పవర్ బ్యాంకు, ఒక నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు. తడి తగిలిన కాగితం మీద పెన్ను సాగదు, పెన్సిలే సాగుతుంది. జియోక్యాచింగ్‌కి పోయేవాళ్ళు ముందుగా నేర్చుకునే సంగతి ఇదే.

తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. ఎవరో ఒకరు ఒక డబ్బా (దాన్నే క్యాచ్ అంటారు) ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైటులో పెడతారు. మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ పోతారు. డబ్బా దొరికితే లోపలున్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టి రావాలి. అందులోంచి ఏ వస్తువైనా తీసుకుంటే, దానికి తక్కువ కానిది ఇంకొకటి పెట్టాలి. స్థలం యజమాని అనుమతి లేకుండా డబ్బాను మట్టిలో పాతిపెట్టకూడదు. 2000 మే నెల మొదట్లో, మామూలు జనం వాడే జీపీఎస్‌లో కావాలని కలుపుతూ వచ్చిన తప్పును అమెరికా ప్రభుత్వం తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించే యంత్రం ఒక్కసారిగా పది ఇరవై మీటర్లకు దిగొచ్చింది. మే 3న ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్‌లో లాగ్‌బుక్కు, పెన్సిలు, కొన్ని వస్తువులు పెట్టి అడవి అంచున దాచి, ఆ అంకెలు ఇంటర్నెట్‌లో అందరికీ చెప్పాడు. ఆట అక్కడ మొదలైంది.

మేం పోతున్నది సైదాపురం, రాపూరు ప్రాంతంలో వెలిగొండల కింద వదిలేసిన ఒక మైకా గని దగ్గరికి. గని పేరు, అంకెలు ఇక్కడ రాయను. ఆ గుంత గట్లు ఎంత ప్రమాదమో కళ్ళారా చూశాక, తోవ తెలియని పిల్లలెవరూ ఇది చదివి అటు పోకూడదని నా కోరిక.

ఈ గని మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, మా అమ్మమ్మ గూడూరులో మైకా షెడ్డులో పని చేసింది. గూడూరు నుంచి సంగం వైపు సాగే ఈ మైకా భూమి ఒకప్పుడు లోకమంతా ఎరిగినది. నెల్లూరు మైకాకు లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. దాన్ని చూసే ఇది ఏ ఊరి సరుకో పోల్చుకునేవాళ్ళట. కరెంటును పారనివ్వదు, వేడికి చెక్కుచెదరదు, కాగితం కంటే పల్చగా పొరలుగా విడిపోతుంది. పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల తీగ చుట్టిన రేకు మైకానే. పాత రేడియో వాల్వుల్లో తీగలను ఎడంగా నిలబెట్టిన చిన్న బిళ్ళలూ మైకానే. మా చిన్నప్పుడు నోటుపుస్తకాల్లో నెమలీకల పక్కన కాకిబంగారం ముక్కలు దాచుకునేవాళ్ళం. అది అమ్మమ్మ కొంగున కట్టుకొచ్చిన తుక్కు మైకా అని పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు.

పొదలకూరు చేరేసరికి నిమ్మకాయల మార్కెట్‌కి బస్తాలు దిగుతున్నాయి. కారు అద్దాలు దించితే ఊరు మొత్తం నిమ్మ వాసన. ఇడ్లీ తిని కదిలాం. కండలేరు కట్ట మీద కాసేపు ఆగాం. సోమశిల నుంచి కాలువలో ఇక్కడికి చేరిన నీళ్ళే మళ్ళీ కాలువెక్కి చెన్నై దాకా పోతాయని చెబితే మావాడు నమ్మలేనట్టు చూశాడు. మట్టికట్ట కనుచూపు మేర పోతూనే ఉంది.

తమ్ముడి స్నేహితుడికి ఆ పక్కన నిమ్మతోట ఉంది. తోటలో రెండు గదుల ఇల్లు. రాత్రి మకాం అక్కడే. పొద్దుపోయేదాకా ముగ్గురం కూర్చుని క్యాచ్ పేజీ చదువుకున్నాం. దాచిన మనిషి క్లూ తెలుగులోనే ఇచ్చారు: "కొడవళ్ళు దప్పిక తీర్చుకున్న చోట." ఎంత ఆలోచించినా దాని అర్థం మాకు అందలేదు.

రెండో రోజు

ఇది రెండంచెల క్యాచ్. మొదట ఇచ్చిన అంకెల దగ్గరికి పోతే అక్కడ ఒక లెక్క తేలుతుంది. ఆ లెక్కను రెండో చోటి అంకెల్లో ఇమిడిస్తే డబ్బా ఉన్న స్థలం వస్తుంది.

తోట నుంచి ఎర్రమట్టి బాటలో నడిచి పోయాం. తుమ్మచెట్లు, బలుసు పొదలు. కిలోమీటరు దాటగానే నేల రంగు మారిపోయింది. అడుగు తీసి అడుగు వేస్తే మట్టి మెరుస్తుంది. చెప్పుల మీద, ప్యాంటు అంచుల మీద, కాసేపటికి మావాడి కనుబొమల మీద కూడా సన్నటి మెరుపు. దిబ్బలు దిబ్బలుగా గని తుక్కు. తెల్లరాయి, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, మధ్యమధ్య నల్లటి టూర్మలిన్ కడ్డీలు. భూమి లోపల నీరు ఎక్కువగా కలిసిన కరిగిన రాయి పగుళ్ళలో చేరి గట్టిపడితే స్ఫటికాలు పెద్దవిగా పెరుగుతాయి. ఆ రాతిని పెగ్మటైట్ అంటారు. ఇక్కడ మైకా దొరికేది అందులోనే. గని తవ్వినవాళ్ళకు ఆ పేరుతో పని లేదు. తెల్లరాయి ఎటు పోతే వాళ్ళూ అటే తవ్వుకుంటూ పోయారు. అందుకే గుంత కూడా సొరకాయలా వంకరగా ఉంది.

మొదటి చోటు, గుంతకు దూరంగా ఉన్న ఒక సిమెంటు దిమ్మె. నీళ్ళు తోడే పంపో, రాళ్ళు పైకి లాగే వించో ఒకప్పుడు దాని మీద బిగించి ఉండాలి. "దిమ్మెలో ఎన్ని బోల్టులు? ఆ అంకెను ఉత్తరపు నిమిషాల్లో రెండో దశాంశ స్థానంలో పెట్టండి" అని ఉంది. మావాడు చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు. ఆరు. నేనూ లెక్కపెట్టాను, ఆరే. వేళ్ళంత లావు, తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి.

ఆరు పెట్టి నడిచాం. ఫోన్‌లో దారి చూపే బాణం మమ్మల్ని తిన్నగా గుంత గట్టు మీదికి తీసుకుపోయింది.

అక్కడ ఏం చూశామో కొంచెం వివరంగా చెప్పాలి. గట్టు అంచు పైనుంచి గట్టి నేలలాగే ఉంది, మీద గడ్డి కూడా మొలిచింది. పక్కకు జరిగి చూస్తే ఆ గడ్డి కింద ఏమీ లేదు. వానలకు కింది మట్టి జారిపోయి, పైన జానెడు మందాన పెచ్చు గాలిలో నిలిచి ఉంది. కింద నిటారు గోడ. దాని అడుగున పచ్చటి నీళ్ళు, లోతు తెలియదు. ఎదురు గోడలో ఒక సొరంగం నోరు, లోపలినుంచి గబ్బిలాల వాసన. మైకా కలిసిన రాయి మీద కాలు పెడితే పలకల మీద పలకలు జారినట్టు జారుతుంది. ఇలాంటి సొరంగాల్లో గాలి కూడా చెడిపోయి ఉంటుంది. లోపలికి పోయిన మనిషికి ఊపిరి ఆడక స్పృహ తప్పేదాకా సంగతే తెలియదు.

ఫోన్‌లో బాణం ఇంకా ముందుకే చూపిస్తోంది. గోడల మధ్య సిగ్నల్ చెదిరి అంకెలు గెంతుతున్నాయి. ఒకసారి ఐదు మీటర్లు అంటుంది, ఇంకోసారి పదిహేను. మావాడు "అత్తా, ఆ అంచు దగ్గర రాళ్ళ కింద ఉంటుందేమో, ఒక్కసారి చూసొస్తా" అన్నాడు. నాకు గుండె దడదడలాడింది. వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. దాచినవాళ్ళు ఎవరైనా మనిషి ప్రాణం మీదికి తెచ్చే చోట పెట్టరు, పెట్టి ఉంటే అది మనం వెతకాల్సిన డబ్బా కాదు అని గట్టిగానే చెప్పాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. తమ్ముడు మాత్రం "అక్క చెప్పింది నిజం, పదరా" అని బ్యాగు భుజానికెత్తుకున్నాడు.

మధ్యాహ్నం దాకా గట్టుకు దూరంగా ఉన్న దిబ్బలన్నీ వెతికాం. దొరకలేదు. వెబ్‌సైటులో "దొరకలేదు" అని రాశాను. కొంతమంది ఆ మాట రాయడానికి ఇష్టపడరు గానీ, రాయాలి. డబ్బా పోయిందేమో చూసుకోమని దాచినవాళ్ళకు మనం చేసే సాయం అదే.

సాయంత్రం తోట పక్కన ఊళ్ళో టీ తాగుతుంటే, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ మా కాళ్ళకేసి చూసి నవ్వింది. "మైకా గుంత కాడికి పొయ్యొచ్చినారా? కాళ్ళు చూస్తేనే తెలస్తా ఉండాది" అంది. ఆవిడ ఆ గనిలోనే పని చేసిందట. నేను పక్కన కూర్చున్నాను.

"గుంతలో దిగేది మగోళ్ళు. మేం పైన యాపచెట్ల నీడన కూర్చోని పొరలు తీస్తా ఉంటిమి. రాయి అంటుకున్న అంచంతా కొడవలితో చెక్కెయ్యాల. ఆనెక గోరు పెట్టి పొర విడదియ్యాల. మచ్చ లేంది ఒక కుప్ప, మచ్చుండేది ఒక కుప్ప."

తన ఎడమ చేతి బొటనవేలు చూపించింది. వేలి లోపలి వైపు, గోరు కింద నుంచి మొదటి కణుపు దాకా, సన్నటి తెల్లని గీతలు. ఒకదాని పక్కన ఒకటి, దువ్వెన పళ్ళలా. మైకా అంచు బ్లేడులాగే కోస్తుందట. అమ్మమ్మ వేలి మీద ఇవే గీతలు నేను చూశాను. చిన్నప్పుడు అవి ముసలితనం ముడతలు అనుకున్నాను.

"కొడవలికి పదును పోతే పని సాగదు గదా. దినానికి మూడు నాలుగు తూర్లు నూరుకునేది. చెంబుతో నీళ్ళు పోసుకుంటా, రాయి మీద" అంది ఆవిడ, చేత్తో గాలిలో నూరి చూపిస్తూ.

నేనూ మావాడూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ రాయి ఎక్కడుందని అడిగితే వేపచెట్ల కిందేనని చెప్పింది గానీ, చెట్లు చాలా కొట్టేశారు, ఇప్పుడు ఏది మిగిలిందో తెలియదంది. పని ఎప్పుడు ఆగిపోయిందని అడిగాను. ఒక్కో గని ఒక్కోసారి మూసేశారంది. రేడియో వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు రావడం, మైకా ఎక్కువగా కొనే సోవియట్ యూనియన్ 1991లో చెదిరిపోవడం, చౌకగా తయారయ్యే ఇతర పదార్థాలు రావడం, ఇవన్నీ కలిసి దెబ్బ కొట్టాయని నేను చదివి ఉన్నాను. ఆవిడకు గుర్తున్నది ఒకటే: "ఒక సోమవారం పోతే గేటుకి తాళం ఉండింది."

మూడో రోజు

రాత్రంతా ఆ దిమ్మె నా కళ్ళలో మెదిలింది. పొద్దున్నే తమ్ముడితో అన్నాను, "ఆ బోల్టులు నాలుగు మూలల్లో ఎలా ఉన్నాయో ఫొటోలో చూడు." ఒక వైపు నాలుగున్నాయి. ఎదురు వైపు రెండే. యంత్రం బిగించే దిమ్మెకు రెండు వైపులా సమానంగా ఉండాలి కదా.

మళ్ళీ పోయాం. రెండే ఉన్న వైపు మట్టి పేరుకుపోయి ఉంది. పుల్లతో మెల్లగా గీకాం. బెత్తెడు మట్టి కింద ఒక గుండ్రటి ఇనుప ముఖం కనపడింది, నేలకు సమంగా కోసేసి ఉంది. దాని పక్కన ఇంకొకటి. పాత ఇనుము కోసం ఎవరో గ్యాస్ కట్టర్‌తో కోసుకుపోయారు. మొత్తం ఎనిమిది.

లెక్క చెప్పాలంటే ఇలా ఉంటుంది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే సుమారు 1,850 మీటర్లు. అందులో రెండో దశాంశ స్థానం ఒక్కటి మారితే పద్దెనిమిదిన్నర మీటర్లు మారుతుంది. ఆరుకూ ఎనిమిదికీ తేడా రెండు, అంటే 37 మీటర్లు. దాచినవాళ్ళు చెప్పిన చోటు గుంతకు 37 మీటర్ల ఉత్తరాన, గట్టి నేల మీద ఉంది. మేం పొరబడి దక్షిణంగా, గట్టు అంచుకు పోయాం. ఈ విషయం వెబ్‌సైటులో దాచినవారికి రాశాను. మట్టి పేరుకుంటే ఇంకెవరైనా మాలాగే గుంత వైపు పోతారు, దయచేసి లెక్క మార్చండి అని. వాళ్ళు అదే రోజు సాయంత్రం జవాబిచ్చి పేజీలో హెచ్చరిక పెట్టారు.

ఉత్తరాన ఒకే ఒక వేపచెట్టు మిగిలి ఉంది. మాను కింద, సగం మట్టిలో, సగం వేళ్ళలో చిక్కుకుని ఒక బండరాయి. మామూలుగా పోయేవాళ్ళు దాని మీద కూర్చుని బీడీ కాల్చుకుని లేచి పోతారు. ఆకులు పక్కకు తోశాం.

రాయి మీద తొమ్మిది గాడులు. పడవ అడుగులా ఉన్నాయి, మధ్యలో లోతు, రెండు కొసల్లో తేలి ఉన్నాయి. ఒక్కోటి జానెడు పొడవు. నా చూపుడువేలు అందులో సరిగ్గా పట్టింది. లోపల నున్నగా, చల్లగా ఉంది, రోకలి దంచిన రోలు అడుగులా. మధ్య గాడి అన్నిటికంటే లోతు. అక్కడ కూర్చునే ఆవిడ ఎవరో గానీ, ఎక్కువ కాలం పని చేసి ఉండాలి. చెంబు నీళ్ళు ఒలికిన దారి కూడా ఉంది. రాయి పల్లం వైపు ఒక సన్నటి కాలువ అరిగి, అంచు దాకా పోయి ఆగింది.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. మావాడు రాయి వెనక వేళ్ళ సందులో చెయ్యి పెట్టబోతుంటే ఆపి, ముందు కర్రతో తట్టి చూడమన్నాను. పాములు, తేళ్ళు ఉండే చోటు. తట్టి, టార్చి వేసి చూసి, చేతితొడుగు వేసుకుని లాగాడు. మూత చుట్టూ రబ్బరున్న ప్లాస్టిక్ డబ్బా, టిఫిన్ బాక్సంత. పైన మట్టి రంగు టేపు.

లోపల లాగ్‌బుక్కు, ఒక గోలీ, కీచైను, ఆకుపచ్చ ఛాయ ఉన్న మైకా పలక. అరచేతిలో సగం ఉంటుంది. అంచు చుట్టూ కొడవలితో చెక్కిన ఏటవాలు గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ఇది తవ్వగానే దొరికిన ముక్క కాదు, పని చేసిన ముక్క.

లాగ్‌బుక్కులో ముగ్గురి తరఫునా మావాడే రాశాడు. పేర్ల కింద నేను ఒక వాక్యం చేర్చమన్నాను: "మా అమ్మమ్మ కూడా ఈ పని చేసింది." పలక తీసుకుని, దాని బదులు వాడు తన ఇత్తడి బొంగరం పెట్టాడు. వాడికి ఆ బొంగరం ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఏదో ఒక రూపాయి బిళ్ళ పెట్టి రాలేదు వాడు. డబ్బాను ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టి, ఆకులు కప్పాం.

తోటకు తిరిగొస్తూ వాడు పలకను గోరుతో విడదీయాలని ప్రయత్నించాడు. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడింది తప్ప పొర రాలేదు. దారి పొడుగునా తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు.

పెద్దావిడకు రాయి ఫొటో చూపించాం. ఫోను దగ్గరికి తీసుకుని, కళ్ళు చిన్నవి చేసి, మధ్య గాడి మీద వేలు పెట్టింది. ఎవరిదో పేరు చెప్పింది. "ఆమె లేదు ఇప్పుడు" అంది.

నాలుగో రోజు

పొద్దున పెంచలకోన పోయొచ్చాం. కొండల మధ్య గుడి, పెనుశిల రూపంలో వెలసిన నరసింహస్వామి, కోనలోంచి దిగే నీళ్ళు. కోతులు మా అరటిపళ్ళు మొత్తం పట్టుకుపోయాయి. దర్శనం బాగా జరిగింది.

మధ్యాహ్నం మా పని ఇంకొకటి మిగిలింది. మావాడు సొంతంగా ఒక క్యాచ్ దాచాలని పట్టుబట్టాడు. గని దగ్గర వద్దన్నాను. తోట యజమానిని అడిగితే, తోట గేటు బయట తన స్థలంలోనే ఉన్న పాత మోటబావి గట్టు పక్కన పెట్టుకోమన్నాడు. బావి మీద ఇనుప జాలీ ఉంది, పిల్లలు వచ్చినా భయం లేదు. ఇంకో క్యాచ్‌కు 161 మీటర్ల లోపల ఉండకూడదని నియమం. మాది దానికి చాలా దూరం. స్థలం యజమాని అనుమతి ఉండాలి, దాచినవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి బాగోగులు చూసుకోవాలి, ఒక వాలంటీరు పరిశీలించాకే పేజీ అందరికీ కనపడుతుంది. తమ్ముడు నెలకోసారి ఈ దారిలోనే తిరుగుతాడు కాబట్టి ఆ బాధ్యత వాడిది.

అంకెలు తీయడానికి మాత్రం తొందరపడలేదు. ఫోనును బావి గట్టు మీద పెట్టి, పావుగంటకోసారి నాలుగు సార్లు రాసుకున్నాం. అన్నిటి సగటు తీశాం. గుంత గట్టు మీద జరిగింది ఇంకెవరికీ మా వల్ల జరగకూడదని వాడే అన్నాడు. ఆ మాటకు నాకు చాలా సంతోషమైంది. క్లూ కూడా వాడే రాశాడు. అది ఇక్కడ చెప్పను, వచ్చి వెతుక్కోవాలి.

రాత్రి ఎనిమిదింటికి నెల్లూరు చేరాం. అమ్మ వంటింట్లో చేపల పులుసు పొయ్యి మీద నుంచి దించుతోంది. మావాడు నేరుగా పోయి పలక చూపించాడు. "నాయనమ్మా, ఇది విడదీయడం నా వల్ల కాలేదు" అన్నాడు.

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. పలకను ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని ఒకసారి తిప్పింది. అంచున కాకుండా మూల దగ్గర బొటనగోరు ఆనించి, ఊపిరి వదిలినంత తేలిగ్గా ముందుకు జరిపింది. పలక చడీచప్పుడు లేకుండా రెండుగా విడిపోయింది. రెండూ ఒకే కొలత, ఒకే ఆకుపచ్చ.

నాకు నలభై ఐదేళ్ళు. అమ్మకు ఈ పని వచ్చని నాకు ఇంతవరకు తెలియదు.

"ఎండాకాలం సెలవుల్లో మీ అమ్మమ్మతో షెడ్డుకి పొయ్యేదాన్నిలే" అంది అమ్మ. ఒక పలక వాడి చేతిలో, ఒకటి నా చేతిలో పెట్టి, కంచాలు తీయమంది.